క్షమించానని సాక్ష్యం చెప్పాక ఏడుపు రాలేదు: ఒక పాస్టోరల్ కౌన్సెలింగ్ కేసు

ఈ కేసులోని సోదరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. రాసింది ఆమె చదివి, ఒకటి రెండు చోట్ల మాటలు దిద్దింది కూడా. సంఘాల్లో కౌన్సెలింగ్ చేసే పాస్టర్లు, పాస్టరమ్మలు, స్త్రీల సమాజం నడిపే పెద్దలు దీన్ని చదవాలని నా ఆశ. మంచి విశ్వాసికి కోపం రాదు, వచ్చినా పైకి కనిపించకూడదు అనే నమ్మకం మన సంఘాల్లో బాగా వేళ్లూనుకుంది. ఆ నమ్మకం ఒక మనిషిలోని దయను కూడా ఆర్పేయగలదని ఈ కేసులో దగ్గరగా చూశాను.

నేపథ్యం

ఆమెకు నలభై దాటాయి. ఊరు కడప జిల్లాలో పులివెందుల వైపు ఒక పల్లె. పుట్టినిల్లు జమ్మలమడుగు దగ్గర, లండన్ మిషన్ కాలం నాటి పాత సంఘం. వాళ్ల అవ్వ బైబిల్ స్త్రీగా, అంటే ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చెప్పే మనిషిగా, ఊరూరా తిరిగింది. పెళ్లయి వచ్చాక ఇక్కడి సండే స్కూల్ ఈమె చేతిలోకి వచ్చింది, తర్వాత స్త్రీల సమాజం. ఎవరింట్లో జ్వరమన్నా, కాన్పన్నా, చావన్నా అందరికన్నా ముందు వెళ్లేది ఈమే.

చీనీ (బత్తాయి) తోట భర్తకూ మరిదికీ ఉమ్మడి. వానలు వరసగా తప్పడంతో బోరు ఎండిపోయింది. వేరుశనగ పోతే ఆ ఏడాది పంట పోతుంది. కాపుకొచ్చిన చీనీ చెట్టు ఎండితే ఏళ్ల తరబడి పడ్డ కష్టమంతా పోతుంది. అందుకే మరిది బోరు మీద బోరు వేయించాడు. 800 అడుగులు దాటినా దుమ్మే లేచింది. చివరి బోరు డబ్బు కోసం, ఆమె పుట్టింటికి వెళ్లిన రోజుల్లో, బీరువాలోని నగలు తీసుకెళ్లి తాకట్టు పెట్టాడు. నెలలో విడిపిస్తానన్నాడు. వడ్డీ కడుతున్నావా అని ఎప్పుడు అడిగినా కడుతున్నాననే చెప్పాడు. చివరికి వేలం నోటీసు ఇంటికొచ్చింది. నగలు పోయాయి.

ఒక గొలుసు, నాలుగు గాజులు. ఆమె తల్లి గేదె పాలమ్మిన డబ్బుతో చేయించి, మనవరాలి పెళ్లికని ఇచ్చినవి.

సంగతి సంఘంలో పాకింది. ఇంటి గొడవ పెద్దది కాకూడదని, మంచి ఉద్దేశంతోనే, పాస్టర్ గారు ఆదివారం ఆరాధనలో ఇద్దర్నీ ముందుకు పిలిచారు. ఆమె మైకు పట్టుకుని, నా మరిదిని ప్రభువు పేరట క్షమించినాను అని చెప్పింది. సంఘమంతా హల్లెలూయ అంది. అప్పటికి వేలం జరిగి రెండు వారాలు కూడా కాలేదు.

ఏ సమస్యతో వచ్చింది

ఆ తర్వాత ఏడాదికి పైగా గడిచాక ఆమె నా దగ్గరికి వచ్చింది. నగల మాట ఎత్తలేదు.

"మాయమ్మ పోయింది అక్కా. నాకు ఏడుపు రాల్యా. ఒక్క చుక్క రాల్యా. నాలో ఏమన్నా దయ్యం చేరిందేమో చూడు" అంది.

అడగ్గా అడగ్గా మిగతావి చెప్పింది. ప్రార్థనలో మాటలొస్తున్నాయి, మనసు రావడం లేదు. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి, రాత్రంతా పళ్లు బిగబట్టినట్టు. రోగుల్ని చూడ్డానికి వెళ్తోంది, పండ్లు తీసుకెళ్తోంది, కీర్తన చదివి ప్రార్థన చేస్తోంది, లేచి వచ్చేస్తోంది. "డ్యూటీ దిగిన నర్సు మాదిరి వచ్చేస్తానక్కా" అంది. మంచంలో ఉన్న ఒక ముసలావిడ ఈమెతో, "మునుపు నువ్వొస్తే ధైర్యంగా ఉండేది పాపా, ఇప్పుడు నిన్ను చూస్తే భయమైతాంది" అందట. ఆ మాటే ఆమెను నా దాకా నడిపించింది.

ఈ కేసు నన్ను ఆలోచనలో పడేసింది ఇక్కడే. ఆమె చేసే మంచి పనుల్లో ఒక్కటీ తగ్గలేదు. అబద్ధాలు లేవు, చాడీలు లేవు, కానుకలు ఆగలేదు. గుణశీలమంటే చేసే పనులే అనుకుంటే ఇక్కడ సమస్యే లేదు. కానీ సువార్తలు అలా చెప్పవు. యేసు చెప్పిన ఉపమానంలో, గాయపడి దారిలో పడి ఉన్నవాణ్ని యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు, సమరయుడూ చూశాడు. లూకా 10:33లో సమరయుడి గురించి మాత్రమే కనికరపడ్డాడని ఉంది. గాయాలు కట్టింది ఆ తర్వాత. నాయీను ఊరి గవిని దగ్గర కొడుకు శవం వెంట నడుస్తున్న విధవరాలిని చూసినప్పుడూ ప్రభువు ముందు కనికరపడ్డాడు, ఆ తర్వాతే పాడెను ముట్టాడు. కనికరం ఉంటే ఎదుటి మనిషి కంటికి ఆనుతాడు. అది ఆరిపోయాక చేతులు అలవాటు కొద్దీ పని చేసుకుపోతాయి. తేడా మొదట తెలిసేది మంచంలో ఉన్నవాళ్లకే.

మొదటి నిర్ణయాలు

ముందు డాక్టరు దగ్గరికి పంపాను. థైరాయిడ్, రక్తహీనత, షుగర్ చూపించుకోమన్నాను. ఈ వయసు ఆడవాళ్లలో మనసు మొద్దుబారడానికి శరీరంలోనే కారణం ఉండొచ్చు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు తొమ్మిదీ కూర్చుని అడిగాను. అందులో మొత్తం 27 మార్కులు, 5 నుంచి 9 వరకు తేలికపాటి దశ అంటారు. ఆమె ఆ దశలోనే ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన గురించి అడిగే చివరి ప్రశ్నకు, అసలు లేదంది. 10 దాటి ఉన్నా, ఆ చివరి ప్రశ్నకు వేరే జవాబు వచ్చినా మానసిక వైద్యుడి దగ్గరికి పంపేదాన్ని. ప్రార్థన ఉంది కదా అని ఈ మెట్టు దాటేసేవాళ్లు మనలో ఉన్నారు. దయచేసి దాటొద్దు.

దయ్యం సంగతికి సూటిగానే జవాబిచ్చాను: లేదు. ఆమె సంఘంలో అప్పటికే కోపపు ఆత్మను బంధిస్తూ ఉపవాస ప్రార్థన ఒకటి జరిగింది. నేనూ అదే దారిలో వెళ్తే, చెప్పిన మాట వినడం అలవాటైన మనిషి కాబట్టి విడుదలైందని నాకూ సాక్ష్యం చెప్పేది.

పని చేయనివి

కృతజ్ఞతల నోటుపుస్తకంతో మొదలుపెట్టాం. రోజూ రాత్రి దేవుడు చేసిన మేళ్లు మూడు రాయాలి. సంతోషం తిరిగొస్తే మిగతా భావాలు దాని వెంటే వస్తాయని నా ఆలోచన. కొందరి విషయంలో అలా జరగడం చూశాను కూడా. ఆమె ఒక్కరోజూ మానకుండా, చక్కని రాతతో, వాక్యాల రిఫరెన్సులతో సహా రాసుకొచ్చింది. చదువుతుంటే సండే స్కూల్ పరీక్ష పేపరు దిద్దుతున్నట్టే ఉంది. దవడ నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఆమెకున్న పనుల్లో ఇది ఇంకో పని అయింది. లోపలిదాన్ని కప్పుకోవడానికి ఇంకో దుప్పటి దొరికినట్టు అయింది. ఆపేశాం.

తర్వాత ఎఫెసీ 4:26 చదివాం. "కోపపడుడి గాని పాపము చేయకుడి." కోపపడటానికి వాక్యంలోనే చోటుందని తెలిస్తే గుండె కాస్త తేలికపడుతుందని అనుకున్నాను. ఆమె రెండో సగం అందుకుంది. "పొద్దు గూకేలోపల పోవాలని ఉంది కదక్కా. ఎన్ని పొద్దులు గూకినాయో లెక్కే లేదు. అంటే అప్పటినుంచి నేను పాపంలోనే ఉండానా?" ఊరటనిస్తుందనుకున్న వాక్యం ఆమె మీదే నేరమై కూర్చుంది. ఒక విషయం మాత్రం తేలింది. కోపం లేదని అంతవరకు చెబుతూ వచ్చిన మనిషి, ఉందని మొదటిసారి ఒప్పుకుంది, అదీ నేరం ఒప్పుకున్నట్టుగా.

ఈలోగా వాళ్ల బంధువులు, మరిదిని పిలిపించి మీ ముందు చేతులు కలిపిద్దాం అన్నారు. వద్దన్నాను. ఒకసారి అందరి ముందూ చేతులు కలిశాయి, దాని ఫలితమే మేము చూస్తున్నది. ఆమె ఏ తప్పును క్షమించాలో ఆమెకే ఇంకా స్పష్టంగా తెలియదు. తెలియని తప్పును క్షమించడం ఎవరి వల్లా కాదు.

జిప్పు కవరులోని కాగితం

ఒకరోజు కీర్తనల గ్రంథం తీయమన్నాను. ఆమె బైబిలుకు నల్లటి జిప్పు కవరు. తెరిచినప్పుడు లోపలి జేబులో నాలుగు మడతల కాగితం కనబడింది. మడతల దగ్గర చిరుగుపట్టి సెల్లో టేపు అంటించి ఉంది. ఏమిటది అన్నాను. "అదేం ల్యేదక్కా" అని జిప్పు వేయబోయి ఆగి, తీసి నా చేతికిచ్చింది. వేలం నోటీసు. తేదీ, ఖాతా నంబరు, నగల బరువు గ్రాముల్లో. గొలుసు బరువున్న వరస కింద నీలం పెన్నుతో రెండుసార్లు గీత గీసి ఉంది. మరిచిపోయానని నాతో చెప్పిన నోటీసు ప్రతి ఆదివారం ఆమెతో పాటు గుడికి వెళ్తోంది.

ఇది ఎందుకు దాచుకున్నావు అని అడిగి ఉంటే నేరం మోపినట్టే. అక్కడే చించేసేది. అందుకని ఆ గొలుసు ఎట్లుండేదో చెప్పమన్నాను.

చాలాసేపు చెప్పింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తల్లి పక్కన తను కూర్చున్న సంగతి, త్రాసు ముల్లు నిలబడేదాకా తల్లి రెప్పార్పకపోవడం, కొంగున కట్టిన నోట్లు తడిసి ఒకదానికొకటి అంటుకుని ఉంటే షరాబు విసుక్కోవడం. చెబుతూ చెబుతూ గొంతు పెరిగింది. "గొలుసు పోయిందని మాయమ్మకు చెప్పల్యా. ఆస్పత్రిలో అడిగింది, పాపకు పెట్టి ఒకసారి చూపీ అని. బ్యాంకులో భద్రంగా ఉందమ్మా అని చెప్పినా. అట్లనే పోయింది."

ఏడుపు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. తల్లి కోసం ఏడిస్తే తల్లితో చెప్పిన అబద్ధం గుర్తొస్తుంది. అబద్ధం గుర్తొస్తే దాన్ని చెప్పించిన పరిస్థితి మీద కోపం లేస్తుంది. ఆ కోపం తనకు లేదని సంఘమంతటి ముందు మైకులో చెప్పేసింది. ఇచ్చిన సాక్ష్యం నిలబెట్టుకోవాలంటే కోపాన్ని పట్టి ఉంచాలి, కోపాన్ని పట్టి ఉంచాలంటే దుఃఖాన్నీ పట్టి ఉంచాలి. ఇది అక్కడితో ఆగదు. ఒక భావాన్ని బిగబట్టి మిగతావన్నీ యథాప్రకారం నడిపించుకోగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. సంతోషమూ కనికరమూ ఆ పట్టులోనే నలిగిపోతాయి.

పని చేసినవి

ఆ రోజు 55వ కీర్తన తీశాం. "నీ భారము యెహోవామీద మోపుము, ఆయనే నిన్ను ఆదుకొనును" అనే 22వ వచనం వాళ్లింటి క్యాలెండరు మీదే ఉందంది. దానికి ముందు ఇరవై ఒక్క వచనాలున్నాయి. నన్ను బాధపెట్టింది శత్రువైతే ఓర్చుకునేవాణ్ని, కానీ నాతో కలిసి దేవుని మందిరానికి నడిచిన నా వాడివే నువ్వు అని కీర్తనకారుడు వాపోతాడు. మరిదితో కలిసి అదే గుడికి నడిచే మనిషి ఆ వచనం దగ్గర ఆగిపోయింది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు గట్టిగా చదవమన్నాను, 22కు తొందరపడి వెళ్లొద్దన్నాను. సొంత మాటల్లో రాయమంటే ఆమె మళ్లీ తనను తాను దిద్దుకుంటూ రాస్తుంది. వాక్యంలో ఉన్న మాటలనైతే నమ్ముతుంది.

15వ వచనంలో, వాళ్లు ప్రాణంతోనే పాతాళానికి దిగిపోవాలి అని ఉంది. ఇది కూడా చదవచ్చా అని అడిగింది. దేవుని ముందు చదవచ్చు, పగతీర్చుట ఆయన పని అని రోమా 12:19 చెబుతోంది కాబట్టి ఆ పనిని ఆయన చేతికే వదిలేస్తున్నావు అన్నాను. దిండును గుద్దడం, అరవడం లాంటివి చెప్పలేదు. కోపాన్ని కక్కేస్తే తగ్గుతుందన్న నమ్మకాన్ని పరిశోధనలు బలపరచలేదు, మళ్లీ మళ్లీ నెమరేస్తే అది పెరుగుతుంది. కీర్తనలో కోపానికి వినే దేవుడున్నాడు, ఒక వరస ఉంది, 22వ వచనం దాకా నడిచే దారి ఉంది.

తర్వాత కోపాన్ని మనిషి వారీగా విడదీశాం. ఈ పని మీద చాలా సమయం పెట్టాను. పెట్టినందుకు ఫలితం వచ్చింది.

మరిది బోర్లు వేయించినందుకు ఆమెకు కోపం లేదని తేలింది. "చెట్లు ఎండుతాంటే వాడు రాత్రిళ్లు తోటలోనే పండుకునేవాడక్కా" అంది, జాలిగా. కోపమంతా వడ్డీ కడుతున్నానని చెప్పిన అబద్ధం మీద. మరి బీరువా తాళం మరిదికి ఎలా వచ్చింది? నేను అడిగాక చాలాసేపు మాట్లాడలేదు. ఇచ్చింది భర్త. అన్నిటికన్నా పెద్ద కోపం అక్కడుంది. సాక్ష్యంలో ఆయన పేరే రాలేదు. మరిదిని క్షమించినట్టు ప్రకటించడం వల్ల భర్త చేసిన తప్పు మీద ఎవరి చూపూ పడలేదు. సంఘం ముందు మైకు పట్టించినందుకు పాస్టర్ గారి మీద కొంత. తల్లితో అబద్ధం చెప్పినందుకు తన మీద తనకు కొంత.

హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను 5వ శతాబ్దంలో, ఏ భావానికీ చలించనివాడే జ్ఞాని అన్న స్తోయికుల (ఒక ప్రాచీన గ్రీకు తత్వ శాఖవాళ్ల) మాటకు జవాబిస్తూ, భక్తిగల మనసుకు కోపం వచ్చిందా అని కాదు, ఎందుకొచ్చింది అని అడగాలన్నాడు. దుఃఖం గురించీ అదే ప్రశ్న వేశాడు. నేను ఈ సోదరితో చేసిందీ అదే. దేన్నో ప్రేమించకుండా మనిషికి కోపం రాదు. ఆమె ప్రేమించినవి తల్లి కష్టం, ఇంట్లో నిజాయితీ, కూతురి పెళ్లి. ఇవి చెడ్డ ప్రేమలు కావు. వాటి కోసం వచ్చిన కోపాన్ని అపవాది పని అంటే ఆ ప్రేమల్నీ తప్పు పట్టినట్టవుతుంది. ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ని విశ్రాంతిదినాన బాగుచేస్తాడేమోనని పొంచి చూస్తున్నవాళ్లను ప్రభువు కోపంతో కలయచూశాడని, వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడని మార్కు 3:5 రెండిటినీ ఒకే వచనంలో చెబుతుంది. దుఃఖం కలిసిన ఆ కోపం చేసిన పని, ఒక మనిషి చెయ్యి బాగుపడటం.

అలాగని కోపాన్ని నెత్తికెక్కించుకోమని నేననను. నరుని కోపం దేవుని నీతిని నెరవేర్చదని యాకోబు 1:20 చెబుతుంది. దాని ముందు వచనం కోపించుటకు నిదానించమంటుంది. నిదానం అంటే కోపానికి సమయమూ కొలతా ఉండటం. 13వ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి తోమా అక్వినాసు, బుద్ధి భావాల మీద యజమాని బానిస మీద చేసినట్టు పెత్తనం చేయదని, తమ మాట తాము చెప్పుకోగల స్వతంత్రుల్ని ఏలినట్టు ఏలుతుందని అరిస్టాటిల్ నుంచి తీసుకుని చెప్పాడు. వినకుండా అణిచేస్తే అది క్రమశిక్షణ అవదు. మా సీమలో ఈ మధ్యదారి మరీ కష్టం. వీధి ఏమో పౌరుషం లేదా అని రెచ్చగొడుతుంది, గుడి ఏమో నోరు మూసుకోమంటుంది. కోపాన్ని పట్టుకుని నిజం మాట్లాడటం ఎలాగో నేర్పేవాళ్లు రెండుచోట్లా తక్కువ.

భర్తతో మాట్లాడాలి. ముందుగా, ఆయన ఎప్పుడన్నా చెయ్యి చేసుకున్నాడా అని అడిగాను. లేదంది. ఆ జవాబు వేరేగా ఉంటే ఈ దారిలో వెళ్లేదాన్ని కాదు. ఏం చెప్పాలో ఆమే తయారుచేసుకుంది: "తాళం నువ్విచ్చినావు. నాకు చెప్పకుండా ఇచ్చినావు. మాయమ్మతో నేను అబద్ధం చెప్పాల్సొచ్చింది." తిట్టు లేదు, పాత లెక్కలు లేవు. ఆయన మొదట, అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతావని లేచి తోటకు వెళ్లిపోయాడు. రాత్రి పొద్దుపోయాక వచ్చి, తప్పు నాదే అన్నాడు. రెండు రోజుల తర్వాత గేదె పాలు పిండుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఫోన్ చేసి చెప్పింది, ఇంకా ఏడుస్తూనే.

మరిదితో కూర్చోవడం ఆ తర్వాతే. "నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల అతని గద్దించుము, అతడు మారుమనస్సు పొందినయెడల అతని క్షమించుము" అని లూకా 17:3 వరస. నీ పొరుగువాణ్ని ప్రేమించు అనే లేవీయకాండము 19:18కి ముందు వచనంలోనూ, సహోదరుడి మీద లోపల పగపట్టకుండా గద్దించమని ఉంది. భర్త, ఆమె మేనమామ ఉండగా ఇంట్లోనే మాట్లాడుకున్నారు. ఎంత బంగారం పోయిందో కాగితం మీద రాసుకున్నారు, చీనీ కాయ అమ్మినప్పుడల్లా కొంత కట్టాలని ఒప్పుకున్నారు. "నువ్వు కట్టినా కట్టకపోయినా నీ మీద పగ పెట్టుకోను. కానీ కట్టాల" అని ఆమె చెప్పింది. మొదటి సాక్ష్యంలో రెండో వాక్యం లేదు. అది లేకుండా చెప్పిన మొదటి వాక్యం ఆమె లోపల నిలబడలేదు.

ఇప్పుడు ఎలా ఉంది

దవడ నొప్పి తగ్గింది. ప్రార్థన కొన్ని రోజులు వస్తోంది, కొన్ని రోజులు రావడం లేదు. రాని రోజున రాలేదనే దేవునితో చెబుతోంది. భయమైతాంది అన్న ఆ ముసలావిడ దగ్గరికి వెళ్లి, కీర్తన చదవడం మరిచిపోయి మధ్యాహ్నమంతా కబుర్లు చెప్పి వచ్చానంది. మరిది కొంత కట్టాడు, ఒక కాపు డబ్బు ఎగ్గొట్టాడు. ఎగ్గొట్టినప్పుడు ఆమె అదే రోజు ఫోన్ చేసి గట్టిగానే అడిగింది. మునుపటిలా మౌనంగా ఉండి జిప్పు కవరులో ఇంకో కాగితం దాచుకోలేదు. నోటీసు కూడా అందులో లేదు, కట్టిన వాయిదాల లెక్కతో కలిపి బీరువాలో పెట్టింది.

దీని తర్వాత నేను పనిచేసే సంఘాల్లో ఒక మనవి చేస్తున్నాను. క్షమాపణ సాక్ష్యాలు మైకులో చెప్పించొద్దు. ముఖ్యంగా నష్టపోయింది ఆడమనిషి అయినప్పుడు, తప్పు చేసినవాడు అదే ఇంటివాడు అయినప్పుడు. ముందు ఏం పోయిందో ఒకరు కూర్చుని వినాలి, తప్పు చేసినవాడితో ఒకరు మాట్లాడాలి, పోయినదాన్ని ఎలా తిరిగి ఇస్తాడో తేలాలి. వీటికి నెలలు పట్టినా పట్టనివ్వాలి. కొందరు పాస్టర్లు ఒప్పుకున్నారు. సాక్ష్యం లేకపోతే సంఘం ఎలా బలపడుతుందని కొందరు అడుగుతున్నారు. వాళ్లతో వాదన నడుస్తూనే ఉంది.

ఈ కేసులో తేలనిది ఇంకొకటి ఉంది. తనను ముందుకు పిలిచిన పాస్టర్ గారి మీద ఆమెకున్న కోపం. ఆయన ఈలోగా వేరే సంఘానికి బదిలీ అయ్యారు. ఉత్తరం రాయాలా, వెళ్లి కలవాలా, అసలు చెప్పాలా వద్దా అని ఆమె ఇంకా ఆలోచిస్తోంది. నేను తొందరపెట్టడం లేదు.